వైరస్‌తో క్యాన్సర్ వైద్యం చేస్తే, మన ఒళ్లే ఆ వైరస్‌ను చంపేయదా?

జన్యువును మోసుకెళ్లే వైరస్‌ను క్యాన్సర్‌కు మందుగా ఇస్తారట, మరి మన రోగనిరోధక శక్తి దాన్ని ఊరికే వదుల్తుందా అని అడిగారు. వదలదు. చాలావరకు చంపేస్తుంది. అయినా మందు పనిచేస్తుంది, తమాషా అక్కడే ఉంది.

నేను డాక్టర్ని కాను. మాది చిత్తూరు. మా నాయనకు మూత్రాశయంలో క్యాన్సర్ వస్తే, గడ్డ తీసేశాక తిరుపతిలో వారానికొకటి చొప్పున ఆరుసార్లు బీసీజీ పోశారు. టీబీ టీకాలో ఉండే బతికున్న బ్యాక్టీరియానే అది. సన్నటి గొట్టంతో లోపలికి పంపి రెండు గంటలు ఆపుకోమంటారు. "టీబీ క్రిముల్ని తెచ్చి నా ఒంట్లో పోస్తారా!" అని మా నాయన ఒకటే గొడవ. మూడోసారి పోసిన రాత్రి చలిజ్వరం వచ్చింది. నాకు టెన్షన్. పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరుగారు, "రేపటికి తగ్గకపోతే వెంటనే తీసుకురండి. ఆ మందు పనిచేసేదే ఒంటిని రెచ్చగొట్టి కదా" అన్నారు. సాయంత్రానికి తగ్గింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

బీసీజీకి లొంగని కొందరికి అమెరికాలో 2022లో అడ్‌స్టిలాడ్రిన్ అనే మందుకు అనుమతి ఇచ్చారు. ఇదే మీరడిగిన రకం. అడినోవైరస్ ఒకటి, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ జన్యువును మూత్రాశయం గోడ కణాల్లోకి చేరుస్తుంది. 3 నెలలకోసారి, ఇదీ గొట్టంతోనే.

రక్తంలోకే ఎక్కించొచ్చు కదా అంటారేమో. అడినోవైరస్‌లు జలుబు తెచ్చే జాతి. చాలామందికి చిన్నప్పుడే సోకి యాంటీబాడీలు తయారై ఉంటాయి. నరంలోకి ఇస్తే అవి దారిలోనే పట్టుకుంటాయి, మిగిలినదాంట్లో చాలా భాగాన్ని కాలేయం మింగేస్తుంది. కోవిషీల్డ్‌కు చింపాంజీ వైరస్‌ను ఎంచుకున్నదీ, స్పుత్నిక్ రెండు డోసులకు రెండు వేర్వేరు వైరస్‌లు వాడిందీ ఈ బాధ తప్పించుకోవడానికే. ఒక్కోసారి ఒళ్లు మరీ తిరగబడుతుంది. 1999లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అమెరికా కుర్రాడు అలాగే చనిపోయాడు. అతనిది క్యాన్సర్ కాదు, పుట్టుకతో వచ్చిన కాలేయ జబ్బు. కానీ ఎక్కించింది అడినోవైరస్‌నే.

అందుకే చర్మ క్యాన్సర్ మెలనోమాకు 2015లో వచ్చిన టీ-వెక్‌ను నేరుగా గడ్డలోకే గుచ్చుతారు. అది బలం తగ్గించిన హెర్పిస్ వైరస్. మొదటి డోసు పలచన, మూడు వారాల తర్వాత దానికి వంద రెట్లు చిక్కన. వైరస్ కొన్ని క్యాన్సర్ కణాలను పగలగొడుతుంది. అది మోసుకొచ్చిన జన్యువు రక్షక కణాలను అక్కడికి పిలుస్తుంది. అవి వచ్చి ఆ ముక్కలను చూసి క్యాన్సర్‌ను గుర్తుపడతాయి. ఆ తర్వాత వైరస్ చచ్చినా నష్టం లేదు.

మా పిన్ని అప్పట్లో "ఇమ్యూనిటీ పెంచే" పొడి ఒకటి తెచ్చిచ్చింది. డాక్టరుకు చూపించకుండా వాడనివ్వలేదని ఇప్పటికీ అలక. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి వైద్యం అనుకుంటుంటే, వాళ్లు స్టెరాయిడ్లుగానీ కిడ్నీ మార్పిడి మందులుగానీ వాడుతున్న సంగతి ముందే చెప్పండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు టీ-వెక్ ఇవ్వరు, బీసీజీ కూడా పోయరు.