అడిగిన ప్రతి ఇంట్లోనూ మేనమామే తలుపు తీస్తే

ప్రశ్న: మాది ఆత్రేయపురం. అమ్మ, పిన్ని పూతరేకులు చుడతారు, ఆన్‌లైన్ ఆర్డర్లు నేను చూసుకుంటాను. వెబ్‌సైటు పెట్టి రెండేళ్ళయింది గానీ, గూగుల్లో వెతికితే మూడో పేజీలో ఎక్కడో కనిపిస్తుంది. ఈమధ్య ఒక ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ దగ్గర 300 బ్లాగులున్నాయట, వాటి నుంచి నెలకి 40 లింకులు మా సైటుకి ఇస్తారట. నెలకి 18 వేలు. మూడు నెలల్లో మొదటి పేజీ గ్యారంటీ అంటున్నారు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీకు ఫోన్ చేసిన కుర్రాడు చేస్తున్న పని ఒకప్పుడు నేనూ చేశాను.

2011లో అమీర్‌పేటలో కింద టిఫిన్ సెంటరు, పైన మా ఆఫీసు. నలుగురం, 62 బ్లాగులు. ఎవరో రెన్యువల్ చేయకుండా వదిలేసిన డొమైన్లని, అంటే సైటు పేర్లని, వేలంలో కొనేవాళ్ళం. పాత రోజుల్లో వాటికి నలుగురూ ఇచ్చిన లింకులు అలాగే ఉంటాయి కదా, ఆ పరపతి మాకు కలిసొచ్చేది. అలా కొన్నవాటిలో ఒకటి అమెరికాలో ఒక చిన్న ఊరి కుక్కల క్లబ్బుది. దాని పాత రూపం వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల్ని దాచి ఉంచే సైటు) చూశాను. గడ్డిలో ఏడెనిమిది కుక్కలు, వెనకాల వరసగా నిలబడి నవ్వుతున్న యజమానులు. ఆ ఫొటో ఉన్నచోట నేను కిచెన్ చిమ్నీల మీద వ్యాసం పెట్టాను. అది కూడా ఒక్కసారి రాసి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, మాటలు అటూ ఇటూ మార్చి ఇరవై వ్యాసాలుగా కక్కింది.

ఇది పనిచేసేదా అంటే, చేసేది. గూగుల్ పునాదే లింకు మీద ఉంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా చెప్పింది అదే: ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే, ఒక మంచిమాట చెప్పినట్టు. చెప్పినవాడి పరపతిని బట్టి ఆ మాటకి బరువు. మన పెళ్ళి సంబంధాల్లో వాకబు లాంటిదే. అబ్బాయి ఎలాంటివాడని వీధిలో పది ఇళ్ళలో అడుగుతారు. అడిగిన ప్రతి ఇంట్లోనూ అబ్బాయి మేనమామే, ఒకచోట మీసం పెట్టుకుని, ఒకచోట తీసేసి, తలుపు తీస్తే? బ్లాగుల నెట్‌వర్క్ అంటే అదే. రెండు మూడు ఇళ్ళ వరకూ నమ్ముతారు. నాలుగో ఇంట్లో గొంతు గుర్తుపడతారు.

మా గొంతు 2012లో గుర్తుపట్టారు. ఆ మార్చిలో బిల్డ్ మై ర్యాంక్ అనే పేరున్న నెట్‌వర్క్‌లోని బ్లాగుల్లో చాలావాటిని గూగుల్ తన ఇండెక్స్ నుంచి, అంటే వెతికితే చూపించే పేజీల జాబితా నుంచి, తీసేసింది, వాళ్ళు దుకాణం కట్టేశారు. ఏప్రిల్ 24న పెంగ్విన్ వచ్చింది, ఇలాంటి దొంగ లింకుల్ని పట్టుకోవడానికి గూగుల్ చేసిన మార్పు పేరు అది. మేం లింకులు పెట్టిన ఒక ఫర్నిచర్ షాపు వారం తిరిగేసరికి మొదటి పేజీలోంచి అయిపు లేకుండా పోయింది. ఓనరు పెద్దాయన మెట్లెక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, “షాపు బోర్డు ఎవరో రాత్రికి రాత్రి పీకేసినట్టుంది బాబూ” అన్నారు. మా బ్లాగుల్లో లింకులు ఒక్క సాయంత్రంలో తీసేశాం. బయట కొన్నవాటికి మాత్రం, పెట్టడానికి తీసుకున్న డబ్బు చాలక, తీయడానికీ అడిగారు! అప్పట్లో పెంగ్విన్ అప్పుడప్పుడే నడిచేది, కాబట్టి బాగుచేసుకున్నా మళ్ళీ అది వచ్చేదాకా ఎదురుచూడాలి. 2014 అక్టోబరు తర్వాత మళ్ళీ వచ్చింది 2016 సెప్టెంబరులోనే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నా బ్లాగులు పోతే ఇంకో 62 కొనుక్కుంటాను. దెబ్బ తగిలేది అమ్మ పేరు మీదున్న మీ డొమైన్‌కి.

2016 నుంచి పెంగ్విన్ ఎప్పుడూ నడుస్తూనే ఉంది, శిక్ష కన్నా ఆ లింకుల్ని లెక్కలోకి తీసుకోకపోవడమే ఎక్కువ. అంటే మీ 18 వేలకి ఏమీ జరగకపోవచ్చు, మంచీ లేదు, చెడూ లేదు. ఏజెన్సీకి అది మరీ సుఖం. అలాగని సైటు ఓనర్లకి గూగుల్ నోటీసులు ఇవ్వడం కూడా మానలేదు. 2024 మార్చిలో పాత డొమైన్లని ఇలా వాడటాన్నే పేరు పెట్టి స్పామ్ నిబంధనల్లో చేర్చారు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ కుర్రాణ్ణి ఐదు బ్లాగుల పేర్లు అడగండి. బహుశా ఇవ్వడు. ఇస్తే తెరిచి చూడండి: పైన పళ్ళ ఇంప్లాంట్లు, దాని కింద ఆన్‌లైన్ కేసినో, ఆ కింద హోమ్ లోను, వాటి పక్కన మీ పూతరేకులు. డీఏ (డొమైన్ అథారిటీ, సైటు పరపతికి వేసే మార్కు) 40, డీఏ 50 అంటాడు. ఆ అంకె మోజ్ అనే కంపెనీ వేసుకున్నది, గూగుల్‌ది కాదు. ఆఖరుగా, “డబ్బిచ్చిన లింకు కాబట్టి స్పాన్సర్డ్ అని ట్యాగ్ పెడతారా?” అని అడగండి. ఇది డబ్బిచ్చి పెట్టించిన లింకు అని గూగుల్‌కి చెప్పే గుర్తు అది, 2019 నుంచి ఉంది. ఫోన్ పెట్టేస్తాడు.

మరి ఆ డబ్బుతో ఏం చేయాలంటారా? ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం వివరాలు చూపించే పేజీ) పూర్తిగా నింపండి, దానికి పైసా అక్కర్లేదు. తర్వాత ఒక్కరోజు మంచి ఫొటోగ్రాఫర్‌ని పిలిచి, బోర్లించిన కుండ మీద తడిగుడ్డతో అమ్మ రేకు తీస్తుండగా ఫొటోలు తీయించండి. కొన్నవాళ్ళు ఫోన్లో రోజూ అడిగేవే సైటులో రాయండి: బెల్లంవి ఎన్నాళ్ళుంటాయి, పంచదారవి ఎన్నాళ్ళు, అమెరికా వెళ్ళే పెట్టెలో నలగకుండా ఎలా సర్దాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, తిండి గురించి రాసేవాళ్ళకి రేకు తీసే చేతి ఫొటో కావాలి. వాడుకుని మీ పేరు వేసి, సైటుకి లింకు ఇవ్వమనండి. అలా వచ్చే నాలుగు లింకులు నిజం వాకబు. మూడు నెలల్లో అని మాత్రం నేను చెప్పను, ఏడాది పట్టొచ్చు.

ప్రశ్న: మా పాత ఏజెన్సీ ఇలాంటి లింకులు ఇప్పటికే వందల్లో పెట్టేసింది. టెన్షన్‌గా ఉంది. తీయించాలా?
– ఒక పాఠకుడు

జవాబు: సెర్చ్ కన్సోల్‌లో (సైటు ఓనర్లకి గూగుల్ ఇచ్చే ఉచిత పరికరం) మాన్యువల్ యాక్షన్స్ పేజీ తెరవండి, గూగుల్ మనుషులు చూసి వేసిన శిక్షలుంటే అక్కడ కనిపిస్తాయి. అక్కడేమీ లేకపోతే వాటి జోలికి వెళ్ళకండి. నోటీసు ఉంటే తీయించగలిగినవి తీయించి, మిగతావి డిసవౌ ఫైల్లో (ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) పెట్టి, రీకన్సిడరేషన్‌కి, అంటే మళ్ళీ పరిశీలించమని, రాయండి. నేను రాసిన మొదటి అర్జీలో “మా పోటీదారులు చేసిన పని” అన్నాను, తిరగ్గొట్టారు. రెండోదానిలో ఏ లింకు ఎంతకి కొన్నామో షీట్ వేసి పంపాను. అప్పుడు శిక్ష తీసేశారు.