సమాధానం: ఎస్‌క్యూఎల్9001 తప్ప ఏ లైన్‌లో తప్పుందో కనిపించడం లేదు

ఐబీఎం ఐ సిస్టమ్‌లో ఎస్‌క్యూఎల్ఆర్‌పీజీఎల్ఈ (మధ్యలో ఎస్‌క్యూఎల్ ఉన్న ఆర్‌పీజీ) ప్రోగ్రామ్ కంపైల్ చేస్తే ఎస్‌క్యూఎల్9001 ఒక్కటే వస్తోంది, ఆర్‌డీఐలో (ఐబీఎం కోడ్ ఎడిటర్) ఎర్రర్ లిస్ట్ ఖాళీగా ఉంటోంది అన్నారు కదండీ. ఆ మెసేజ్ అర్థం ప్రీకంపైల్, అంటే కంపైల్‌కి ముందు ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లను చూసే దశ, ఫెయిలైందని మాత్రమే. ఆర్‌పీజీ కంపైలర్ దాకా పని వెళ్లనే లేదు, అందుకే దాని లిస్టింగ్‌లో ఎంత వెతికినా లాభం లేదు.

ఈ ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసే సీఆర్‌టీఎస్‌క్యూఎల్ఆర్‌పీజీఐ కమాండ్‌లో అవుట్‌పుట్(*ప్రింట్) ఇవ్వండి, డిఫాల్ట్ *నన్. అప్పుడు మెంబర్ (సోర్స్ ఉన్న ఫైల్) పేరుతో స్పూల్ ఫైల్ (ప్రింట్ లిస్టింగ్) వస్తుంది, అసలు తప్పు దాని చివర్లో ఉంటుంది. ఆర్‌డీఐ అయినా, వీఎస్ కోడ్ అయినా తప్పును లైన్ మీద చూపించాలంటే ఆప్షన్(*ఈవెంట్ఎఫ్) తప్పనిసరి. ఎస్ఈయూలో (పాత గ్రీన్ స్క్రీన్ ఎడిటర్) అయితే ఎఫ్15 నొక్కి స్పూల్ ఫైల్ కింద తెరిచి, ఎఫ్ *ఎర్ర్ అని వెతకండి.

అక్కడ ఎస్‌క్యూఎల్0312 కనిపిస్తే కంగారుపడి సెలెక్ట్ స్టేట్‌మెంట్‌ని మార్చకండి. :కస్ట్‌నం లాంటి హోస్ట్ వేరియబుల్ (ఎస్‌క్యూఎల్ లోపల వాడే ఆర్‌పీజీ వేరియబుల్) ప్రీకంపైలర్‌కి దొరకలేదన్నమాట. చాలాసార్లు దాని డెఫినిషన్ ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకునే ఒక కాపీ మెంబర్‌లో, అది తెచ్చుకునే ఇంకో కాపీ మెంబర్‌లో ఉంటుంది. అదే కమాండ్‌లో ఆర్‌పీజీపీపీఆప్ట్(*ఎల్‌వీఎల్2) పెట్టి చూడండి, అప్పుడు ఆ కాపీలన్నీ ముందే విప్పబడతాయి. నాకైతే ఇదే ఎక్కువసార్లు పనిచేసింది.

ప్రీకంపైల్ దాటాక ఆర్ఎన్ఎఫ్7030 (పేరు డిఫైన్ కాలేదు) లాంటి ఆర్‌పీజీ ఎర్రర్లు వస్తే, ఆ లైన్ నంబర్లు ప్రీకంపైలర్ క్యూటెంప్ అనే తాత్కాలిక లైబ్రరీలో తయారుచేసిన క్యూఎస్‌క్యూఎల్‌టెంప్1 సోర్స్‌వి కావచ్చు. మీ సోర్స్‌తో సరిపోకపోతే నంబర్ వదిలేసి, ఆ వేరియబుల్ పేరుతో వెతకండి.