కాకేసియన్ భాషలన్నీ ఒకే కుటుంబానివా? జార్జియన్‌కీ తెలుగుకీ ఏమైనా చుట్టరికం ఉందా?

మొదటిదానికి కాదు, రెండోదానికి లేదు. పొట్టి జవాబు అంతే. కానీ రెండో ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే ఒక ఏడాదిపాటు ఇదే అనుమానం పెట్టుకుని తిరిగినదాన్ని నేను.

జార్జియా రాజధాని టిబిలిసిలో ఆరేళ్లు మెడిసిన్ చదివాను. మన తెలుగు పిల్లలు అక్కడ బోలెడంతమంది. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ నోట్‌బుక్ వెనక పేజీల్లో, తెలుగులా వినిపించే జార్జియన్ మాటలన్నీ రాసుకునేదాన్ని. రొట్టెని వాళ్లు 'పూరి' అంటారు. 'మామా' అంటే నాన్న (దీనిమీద మా బ్యాచ్‌లో పేలిన జోకులు ఇక్కడ రాయను). మేం అద్దెకున్న ఇంటి పెద్దావిడ నన్ను 'బెబో' అని పిలిచేది. బెబో అంటే బామ్మ! తర్వాత తెలిసింది, అక్కడ తల్లి బిడ్డని 'దెదా' అని, అంటే 'అమ్మ' అని పిలుస్తుంది. బామ్మ మనవరాలిని 'బెబో' అంటుంది. ఎవరి వరస వాళ్లు బిడ్డకి అంటగడతారు. కొడుకుని 'నాన్నా' అనీ కూతుర్ని 'అమ్మా' అనీ పిలుచుకునే మనకి ఇంతకంటే ఏం కావాలి? చుట్టాలే అని తేల్చేశాను.

ఆ లిస్టు ఓ రోజు పెద్దావిడకే చూపించాను. ఆవిడది పడమటి జార్జియాలో జుగ్దీదీ వైపు, ఇంట్లో మాట్లాడేది మెగ్రేలియన్. లిస్టు చూసి పెద్దగా పట్టించుకోలేదు గానీ, "మా మాటలు రాసుకో, పనికొస్తాయి" అని టీ కలుపుతూ జంటలు జంటలుగా చెప్పుకుంటూ పోయింది. మనిషిని జార్జియన్‌లో 'కాౘి' అంటే మెగ్రేలియన్‌లో 'కోచి'. కుక్క అక్కడ 'ౙాగ్లి', ఇక్కడ 'జోగోరి'. తొమ్మిది అక్కడ 'ౘ్ఖ్రా', ఇక్కడ 'చ్ఖోరో'. (ౘ అంటే మన 'చలి'లో చ, మామూలు చ అంటే 'చెలి'లో చ. ౙ, జ కూడా అంతే. పాత నిఘంటువుల్లో ఈ గుర్తులు కనిపిస్తాయి. ఈ తేడా పలకడానికి మా నార్త్ ఇండియన్ ఫ్రెండ్స్ తంటాలు పడుతుంటే మనవాళ్లకి అది పుట్టుకతో వచ్చింది.)

మూడో జంట రాస్తుండగా చెయ్యి ఆగింది. మూడింటిలోనూ 'ఆ' ఉన్నచోట 'ఓ' వచ్చింది. దంతాల దగ్గర పలికే ౘ, ౙ రెండూ చ, జ అయ్యాయి. ఒక మాటలో అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఇది వరసగా జరుగుతోంది. భాషావేత్తలు చుట్టరికం తేల్చేది దీన్ని బట్టే. మాటలు ఒకలా వినిపించాలని కాదు, తేడా ఎక్కడ వచ్చినా ఒకే పద్ధతిలో రావాలి. మన ఇంట్లోనే చూడండి: కన్నడ 'కివి' మనకి 'చెవి', 'కెరె' మనకి 'చెరువు', 'కై' మనకి 'చెయ్యి'. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని పండితులు గట్టిగా నమ్మే రోజుల్లో, 1816లో, మద్రాసులో ఎల్లిస్ అనే కంపెనీ అధికారి కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు, తమిళం, కన్నడం మాటల మూలాల్ని పక్కపక్కన పేర్చి, ఇవి వేరే కుటుంబమని చూపించాడు.

నా 'పూరి' ఈ పరీక్షకి నిలవలేదు. మన పూరీ అసలు మనదే కాదు, ఉత్తరాది నుంచి వచ్చింది. 'మామా' ఏమో, పసిపిల్లల నోటికి ముందుగా అందే శబ్దాలు కాబట్టి ప్రపంచమంతా ఏదో ఒక చుట్టానికి పేరైపోయింది.

ఇక కాకేసియన్ సంగతి. జార్జియా చుట్టుపక్కల ఉన్న కాకసస్ కొండల మీద వచ్చిన పేరు అది, ఊరి పేరు లాంటిది, ఇంటిపేరు కాదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములైపోరు కదా. ఆ కొండల్లో వినిపించే ప్రతి భాషా ఇందులోకి రాదు కూడా. అర్మేనియన్, ఒసేటియన్ మన హిందీ, ఇంగ్లీషు ఉన్న ఇండో-యూరోపియన్ కుటుంబానివి. అజర్‌బైజానీ, కుమిక్ తుర్కీ భాషలు. ఇవి పోగా, బయట ఎక్కడా చుట్టాలు దొరకనివి మిగిలాయి. వాటినే స్థానిక కాకేసియన్ భాషలంటారు, అవి మూడు కుటుంబాలు.

దక్షిణాన కార్త్వేలియన్: జార్జియన్, మెగ్రేలియన్, లాజ్, స్వాన్. లాజ్ ఎక్కువగా టర్కీ నల్లసముద్రం ఒడ్డున ఉంది, మెగ్రేలియన్‌కి కవల లాంటిది. స్వాన్ అందరికంటే ముందు విడిపోయిన శాఖ. జార్జియాలో మెగ్రేలియన్‌ని 'భాష' అనాలా 'యాస' అనాలా అన్నది రాజకీయంగా మంటపెట్టే విషయం, అందుకే పెద్దావిడ దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఆవిడ ఉత్తరాలు రాసేదీ, ప్రార్థన చేసేదీ జార్జియన్‌లోనే.

ఈశాన్యం కుటుంబంలో ముప్ఫై దాకా భాషలున్నాయి. చెచెన్, ఇంగుష్ ఒక కొమ్మ. అవార్, లాక్, దార్గ్వా, లెజ్గి లాంటి, రష్యాలోని దాగెస్తాన్ ప్రాంతపు భాషలు మిగతావి. హాస్పిటల్ పోస్టింగ్‌లో, జార్జియాలోనే ఉన్న పాన్‌కిసీ లోయ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కొడుకుతో మాట్లాడుతుంటే మా జార్జియన్ ప్రొఫెసర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్లు కిస్టులు, మాట్లాడింది చెచెన్‌కి చెందిన యాస. కొడుకు జార్జియన్‌లోకి మార్చి చెబితే, ప్రొఫెసర్ మాకు ఇంగ్లీషులో చెప్పారు. అరబ్ రచయిత మసూదీ పదో శతాబ్దంలో ఈ కొండల్ని 'భాషల పర్వతం' అన్నది ఊరికే కాదు.

ఈ కుటుంబంలోని అవార్ గురించి చదువుతున్నప్పుడు నాకు మళ్లీ పాత జబ్బు తిరగబెట్టింది. అబ్బాయి వచ్చాడు అనడానికి 'వాస్ వాచానా' అంటారట! వచ్చెను, వాచానా! తీరా చూస్తే అమ్మాయి వస్తే 'యాస్ యాచానా', గుర్రం వస్తే 'చు బాచానా'. మనం క్రియ తోకకి '-డు', '-ది' తగిలిస్తే వాళ్లు తలకి వ, య, బ తగిలిస్తారు. వ తీసేస్తే మిగిలిన ధాతువు 'ఆచ్'. నా 'వచ్చు' అక్కడికక్కడే ఆవిరైపోయింది.

వాయవ్యం వైపు అబ్ఖాజ్, అబాజా, అదీగే, కబార్దియన్, ఉబిఖ్. మనకి అచ్చులు దండిగా ఉన్నట్టు వీళ్లకి హల్లులు దండి. ఉబిఖ్‌లో హల్లులు 84, అచ్చులు రెండే అని లెక్కగట్టారు. 1864లో రష్యన్ సైన్యం ఉబిఖ్ జనాన్ని ఒట్టోమన్ సామ్రాజ్యానికి తరిమేసింది. ఆ భాష చక్కగా మాట్లాడగలిగిన చివరి మనిషి, తెవ్‌ఫిక్ ఎసెంచ్, 1992లో టర్కీలో పోయాడు.

ఈ మూడింటినీ కలపాలని చూడలేదా అంటే, చూశారు. సోవియట్ కాలంలో జార్జియన్ భాషావేత్త చికోబావా బృందం మూడూ ఒకటేనని 'ఐబీరో-కాకేసియన్' అంది, ఇప్పుడు దాన్ని నమ్మేవాళ్లు తక్కువ. ఉత్తరాన ఉన్న రెండు మాత్రం ఒకటని రష్యన్ భాషావేత్తలు నికొలాయెవ్, స్తారొస్తిన్ 1994లో పెద్ద నిఘంటువే వేశారు. చాలామంది ఒప్పుకోలేదు. వాయవ్య భాషల ధాతువులు తరచూ ఒకటి రెండు శబ్దాలే, అంత పొట్టివాటికి పోలికలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఆ అభ్యంతరమే సబబుగా అనిపిస్తుంది, బహుశా నా లిస్టు అనుభవం వల్ల.

మూడింటిలోనూ ఉన్నది ఒకటుంది: గొంతు బిగబట్టి టప్పున విడిచే క, త, ప. కానీ అది పొరుగు నుంచి అంటుకునే గుణం. ఇరానియన్ శాఖకి చెందిన ఒసేటియన్‌కి కూడా అంటుకుంది, మరాఠీకీ మనకీ 'ళ' ఉన్నట్టే. జార్జియన్‌లో ఆ బిగింపుతో 'కారి' అంటే తలుపు, అది లేకుండా కొంచెం 'ఖారి'లా అంటే గాలి. చలికాలంలో మా గది తలుపు పడట్లేదని పెద్దావిడకి చెప్పబోయి, గాలి మూసుకోవట్లేదని చెప్పాను. ఆవిడ కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "బెబో, దానికి నేనేం చేయను!" అంది.