మెడికల్ స్కూల్ ప్రొఫైల్‌కి పదివేల డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం, అందరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. అమ్మాయి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ రెండో ఏడాది చదువుతోంది, డాక్టర్ అవుతానంటోంది. ప్రొఫైల్ తయారు చేసిపెట్టడానికి ఒక కన్సల్టెంట్ 6,000 డాలర్లు అడుగుతున్నారు. వేసవిలో విదేశంలో మెడికల్ క్యాంపుకి ఇంకో 4,500. పాప 529 ఖాతాలో (చదువు ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) 70 వేలు ఉన్నాయి. అందులోంచి తీయొచ్చా?

జవాబు: తీయకండమ్మా. కన్సల్టెంట్ ఫీజు, అప్లికేషన్ ఫీజు 529 నియమాల్లో చదువు ఖర్చు కిందకి రావు. తీసిన సొమ్ములో లాభం వాటా మీద ఆదాయపు పన్ను, అదే లాభం మీద 10 శాతం పెనాల్టీ కూడా పడతాయి. పైగా ఆ 70 వేలకి ముందు పెద్ద పనే ఉంది.

2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ ఉండదు. ఇదివరకు కాలేజీ లెక్కగట్టిన ఖర్చు మొత్తానికీ ప్రభుత్వం అప్పిచ్చేది. ఇకమీద మెడికల్ విద్యార్థికి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు, అంతే. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో ఇక్కడివారికి ట్యూషన్ ఫీజు ఏటా 20 వేల చుట్టుపక్కలే కాబట్టి, అద్దె, తిండి కలిపినా ఆ పరిమితిలో దాదాపు సరిపోతుంది. వేరే రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీ అయితే అన్నీ కలిపి 90 వేలు దాటడం మామూలే. ఆ తేడా ప్రైవేటు లోన్ తేవాలి, దానికి మీ సంతకం అడుగుతారు. 529 డబ్బు ఆ రోజుకి ఉండాలి. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్లకే. అందుకే డిగ్రీ అయ్యాక ఏడాది గ్యాప్ తీసుకున్నా (ఇప్పుడు సగం మందికి పైగా తీసుకుంటున్నారు) టెక్సాస్ రెసిడెన్సీ (ఈ రాష్ట్రవాసి అనే హోదా) పోగొట్టుకునేలా వేరే రాష్ట్రానికి మారనివ్వకండి. గ్రీన్ కార్డులు రావడం కూడా మీ అదృష్టమే. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ లోన్లు లేవు, చాలా స్కూళ్లు వాళ్ల దరఖాస్తే తీసుకోవు.

ఇక ప్రొఫైల్. నీట్‌లాగా ర్యాంకు వస్తే సీటు వచ్చే పద్ధతి కాదు ఇది. జీపీఏ (డిగ్రీ గ్రేడ్ల సగటు), ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష)తో పాటు రోగుల మధ్య ఎంతకాలం గడిపింది, సేవ, రీసెర్చ్, ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు అన్నీ చూస్తారు. ఇవేవీ కన్సల్టెంట్ చేతిలో లేవు. మీ డబ్బుతో పాపకి కొనివ్వగలిగింది టైమ్ ఒక్కటే. ఖర్చుల కోసం షాపులో పనిచేస్తుంటే ఆ జీతం మీరే ఇచ్చి, ఆ గంటలు ఆస్పత్రికి మళ్లించమనండి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో తడబడుతుంటే ట్యూటర్‌ని వెంటనే పెట్టండి, నా లెక్కలో అన్నిటికంటే గిట్టుబాటు ఖర్చు ఇదే. తర్వాత అదే కోర్సు మళ్లీ చేసి 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నా అప్లికేషన్ జీపీఏలో పాత గ్రేడూ కలుస్తుంది. ఎంక్యాట్‌కి చదివే వేసవిలో వేరే ఉద్యోగం వద్దు.

విదేశీ క్యాంపు మానేయండి. శిక్షణ లేని విద్యార్థులు అక్కడ రోగులకు చికిత్స చేయడం గురించి అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీయే హెచ్చరికలతో మార్గదర్శకాలు ఇచ్చింది. అదే వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్య సాయం చేసేవారు) కోర్సు చేయొచ్చు, లేదా డాక్టర్ పక్కన రోగుల వివరాలు రాసిపెట్టే స్క్రైబ్‌గా చేరొచ్చు. స్క్రైబ్‌కి ఎదురు జీతమిస్తారు. గుంటూరులో మామయ్య నర్సింగ్ హోమ్‌లో నెలరోజులు చూసొస్తానంటే వెళ్లనివ్వండి, కానీ అమ్మమ్మని చూసినట్టుంటుందనే లెక్కలో. ఇక్కడి ఆస్పత్రి అనుభవానికి అది బదులు కాదు.

అప్లికేషన్ ఏడాదికి మాత్రం డబ్బు విడిగా పెట్టండి. ఎంక్యాట్‌కి సుమారు 350 డాలర్లు అవుతుంది. టెక్సాస్ అప్లికేషన్‌కి ఎన్ని స్కూళ్లు పెట్టినా ఒకటే ఫీజు, రెండొందల పైచిలుకు. బయటి రాష్ట్రాలకు వాడే ఉమ్మడి దరఖాస్తు ఆమ్‌క్యాస్‌లో మొదటి స్కూల్‌కి 175, ఆపై ఒక్కోదానికి 45 దాటుతుంది. తర్వాత సెకండరీ (స్కూల్ విడిగా అడిగే రెండో దరఖాస్తు) ఫీజులు ఒక్కో స్కూల్‌కి సుమారు వంద. ఇంటర్వ్యూలు ఎక్కువగా వీడియోలోనే. టెక్సాస్‌తో పాటు బయట పది స్కూళ్లు పెట్టినా 3,000 సరిపోతాయి. ఏఏఎంసీ ఫీజు రాయితీకి 26 లోపు పిల్లలకు తల్లిదండ్రుల ఆదాయం కూడా చూస్తారు కాబట్టి మీకు రాకపోవచ్చు.

వ్యాసాలు ఎవరితోనైనా చూపించుకోవాలంటే యూనివర్సిటీలో ప్రీ-హెల్త్ అడ్వైజర్ ఉంటారు, ఫీజు లేదు. ఈ సెమిస్టర్‌లోనే అపాయింట్‌మెంట్ తీసుకోమనండి.