గ్రాఫిటీ వేసేవాళ్ల ఎదుగుదలనూ, జతకట్టి చేసే పనినీ ఎలా గమనించాలి?

మీరు అడిగింది ఇది: దగ్గర్లోని గోడల మీద గ్రాఫిటీ నచ్చుతోంది, ఎవరి పని ఎలా మారుతోందో, ఎవరు ఎవరితో కలిసి వేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది, కానీ పేర్లే చదవడం రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పేర్లు చదవలేకపోయినా ఫర్వాలేదు. చాలా ఏళ్లుగా ఈ గోడల వెంట తిరుగుతున్నా, ఇప్పటికీ కొన్ని నాకు అంతుపట్టవు. వైల్డ్‌స్టైల్‌లో అక్షరాలను బాణాలతో, మెలికలతో ఎంతలా అల్లేస్తారంటే, తోటి ఆర్టిస్టులు కూడా కాసేపు ఆగి చూడాల్సిందే. చదవడం కన్నా చేతిని గుర్తుపట్టడం ముఖ్యం. దానికి నేను పాటించే పద్ధతి ఒకటే. ఒక గోడను ఎంచుకుని, దాని మీద ఒకరి పేరులో ఒక అక్షరాన్ని పట్టుకుని, దాన్ని వదలకుండా చూడటం.

గోడ అంటే అనుమతి ఉన్న గోడ అయితే మేలు. అక్కడ తొందర ఉండదు కాబట్టి నిదానంగా వేస్తారు, తరచూ పాతదాని మీద కొత్తది పడుతుంది. రాత్రికి రాత్రి హడావిడిగా, ఒకటి రెండు రంగులతో ఉబ్బిన అక్షరాల్లో వేసిన త్రో-అప్‌ను చూసి ఒకరి స్థాయి అంచనా వేయడం అన్యాయం.

నేను బాగా గమనించినవాటిలో ఒకతని 'ఎస్' అక్షరం ఉంది. మొదట్లో అది ఉబ్బిన బెలూన్‌లా ఉండేది, లోపల ఒక రంగు, చుట్టూ నల్ల అవుట్‌లైన్, అంతే. దగ్గరికెళ్లి చూస్తే ఒంపు తిరిగే చోటల్లా రంగు కిందికి కారి ఉండేది. చెయ్యి అక్కడ తడబడి నెమ్మదించింది, స్ప్రే క్యాన్ మాత్రం ఆగలేదు. అంచులు కూడా పొగ పట్టినట్టు మసకగా ఉండేవి, అంటే గోడకు దూరంగా పట్టుకుని కొడుతున్నాడు. కొన్నాళ్లకు ఆ కారడం పోయింది. మణికట్టుతో కాకుండా భుజం నుంచి చెయ్యి ఊపుతూ గీస్తే ఒంపు ఒకే వేగంలో వస్తుంది, ఆ తేడా గోడ మీద తెలిసిపోతుంది.

అసలు మలుపు తర్వాత వచ్చింది. ఉన్నట్టుండి అతని అవుట్‌లైన్ చివర్లు కత్తితో కోసినట్టు సన్నగా దేలాయి. మామూలుగా స్ప్రే గీత చివర గుండ్రంగానే ఉంటుంది. దాన్ని కోసుగా చేయాలంటే గీత గీశాక, లోపలి రంగుతోనో వెనకాల రంగుతోనో దాని అంచును మళ్లీ కొట్టి సన్నం చేయాలి. 'కట్‌బ్యాక్' అంటారు. ఇది ఎవరైనా పక్కన నిలబడి చూపిస్తే ఒక్క పూటలో పట్టుబడుతుంది. అదే సమయంలో అతని 'ఎస్' కింది కొసకు ఒక చిన్న బాణం మొలిచింది, మెడ విరిగినట్టు వంగిన బాణం. ఆ బాణాన్ని నేను అంతకుముందే అదే గోడకు కుడి చివర వేసే ఇంకొకామె అక్షరాల్లో చూసి ఉన్నాను. ఇద్దరి పేర్లూ కలిసి ఒకే బొమ్మలో కనిపించింది చాలా తర్వాత. వాళ్ల స్నేహం గురించి ఆ బాణమే ముందు చెప్పింది.

ఇక కలిసి వేశారా, లేక పక్కపక్కన వేశారా అన్నది ఎలా తెలుస్తుందంటారా? నేను ముందు నీడ చూస్తాను. అక్షరాలకు మందం ఇచ్చే త్రీడీ భాగం ఇద్దరిదీ ఒకే వైపు వాలి ఉంటే మాట్లాడుకుని వేసినట్టు. ఒకరిది ఎడమకు, ఒకరిది కుడికి ఉంటే చాలాసార్లు పొరుగువాళ్లు మాత్రమే. తర్వాత వెనకాల రంగు రెండు పేర్ల వెనక నుంచీ తెగకుండా సాగిందా అని చూస్తాను. ఒకరి ఫిల్‌లో, అంటే అక్షరాల లోపల నింపిన చోట ఉన్న రంగు ఇంకొకరి హైలైట్‌లో, అంటే మెరుపు గీతల్లో కనబడితే క్యాన్లు పంచుకున్నారన్నమాట. ఇవేవీ లేకుండా పేర్లు ఆనుకుని ఉన్నంత మాత్రాన జట్టు అని రాసేసుకోకండి.

బొమ్మ పక్కన చిన్నగా రాసే అక్షరాలను చాలామంది వదిలేస్తారు. అసలు సమాచారం అక్కడే ఉంటుంది. క్రూ, అంటే వాళ్ల జట్టు పేరు పొడి అక్షరాల్లో, సంవత్సరం, ఆ రోజు రాని స్నేహితుల పేర్లు, ఒక్కోసారి చనిపోయినవాళ్ల పేర్లు. మొత్తం బొమ్మతో పాటు వీటిని విడిగా, దగ్గర నుంచి ఫోటో తీసుకోండి. అయితే ఎవరి పేరైనా ఆ వరసలోంచి మాయమైతే గొడవపడ్డారని కథ అల్లేయకండి, చోటు చాలక వదిలేసి ఉండొచ్చు.

జంట పనిలో పేరు ఎవరికి దక్కుతుందో కూడా చూడాల్సిన సంగతే. 1980ల మొదట్లో న్యూయార్క్‌లో చిత్రకారుడు కీత్ హారింగ్ ఒక ట్యాగ్ (గోడ మీద గబగబా రాసే సంతకం లాంటి పేరు) చూసి ముచ్చటపడి, అది వేసిన ఏంజెల్ ఓర్టిజ్‌ను వెతికి పట్టుకున్నాడు. 'ఎల్ఏ టు' పేరుతో ట్యాగ్ చేసే ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై కూడా లేవు. ఇద్దరూ కలిసి చేసినవాటిలో హారింగ్ బొమ్మల మధ్య ఖాళీల్లో కిక్కిరిసి కనిపించే గీతల అల్లిక ఆ కుర్రాడిదే. కానీ హారింగ్ పేరు ప్రపంచమంతా మోగితే, ఓర్టిజ్ వాటా చాలాకాలం మరుగున పడింది. మీ నోట్సులోనైనా అవుట్‌లైన్ ఎవరిది, ఫిల్ ఎవరిది అని విడివిడిగా రాయండి.

బయటినుంచి వచ్చి వెళ్లేవాళ్ల మీద కూడా ఓ కన్నేయండి. 1993లో శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన గ్రాఫిటీ ఆర్టిస్ట్ బ్యారీ మెక్‌గీ బ్రెజిల్ వెళ్లినప్పుడు సావో పాలోలో కవల సోదరులు ఓస్ జెమియోస్‌ను కలిశాడు. ఆ పరిచయం వాళ్ల దారిని చాలా ప్రభావితం చేసింది. మీ గోడ మీద ఎవరో కొత్తవాళ్లు ఒక్కసారే వేసి వెళ్లిపోయినా, తర్వాతి నెలల్లో మిగతావాళ్ల అక్షరాల్లో ఏం మారిందో పాత ఫోటోలు పక్కన పెట్టుకుని చూడండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా మజా ఇచ్చే భాగం ఇదే. పేద్ద మ్యూరల్స్ చూస్తే ఇంత మజా రాదు, వాటిలో ఒప్పందాలూ స్కెచ్‌లూ ముందే అయిపోయి ఉంటాయి.

గొడవలు కూడా చరిత్రే. లండన్‌లోని క్యామ్‌డెన్ కాలువ పక్కన గ్రాఫిటీ ఆర్టిస్ట్ రాబో 1985లో వేసిన పీస్ (తీరిగ్గా వేసిన పెద్ద రంగుల బొమ్మ) మీద 2009లో వీధి చిత్రకారుడు బ్యాంక్సీ వాల్‌పేపర్ అతికించే పనివాడి బొమ్మ వేశాడు. రాబో తిరిగొచ్చి, ఆ పనివాడే తన పేరును పెయింట్ చేస్తున్నట్టు మార్చేశాడు. మధ్యలో ఏ ఒక్క ఫోటో లేకపోయినా ఆ మాటకు మాట అర్థమయ్యేది కాదు.

ఫోటోల విషయంలో ఫోన్ పనోరమా వద్దు, పొడవాటి గోడ మీద అడ్డంగా సాగే తిన్నని గీతలు వంగిపోతాయి. న్యూయార్క్ రైళ్లను ఫోటోలు తీసిన హెన్రీ చాల్ఫెంట్ ఎదుటి ప్లాట్‌ఫాం మీద పక్కకు జరుగుతూ వరసగా ఫోటోలు తీసి, వాటిని అతికించి మొత్తం పెట్టెను చూపించేవాడు. గోడకూ అదే పద్ధతి. ఎదురుగా నిలబడి, ఒక ఫోటో అంచు ఇంకోదాని మీదికి వచ్చేలా తీయండి. ప్రతిసారీ అదే చోట నిలబడితే పోల్చడం సులువు. ఆలస్యం మాత్రం చేయకండి. న్యూయార్క్ క్వీన్స్‌లో గ్రాఫిటీకి పేరుపడ్డ ఫైవ్ పాయింట్జ్ భవనం గోడలకు 2013లో ఒక్క రాత్రిలో సున్నం కొట్టేశారు. కోర్టు 2018లో 21 మంది ఆర్టిస్టులకు 67 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇప్పించింది గానీ, బొమ్మలు తిరిగి రాలేదు.

అనుమతి లేని చోట వేసినవాటి ఫోటోలు బయటపెట్టేటప్పుడు లొకేషన్ వివరాలు తీసేయండి. ఏ ట్యాగ్ వెనక ఏ మొహం ఉందో మీకు తెలిసినా రాయొద్దు, వాళ్లకు కేసుల టెన్షన్ ఉంటుంది. అనుమతి ఉన్న గోడ దగ్గర ఎవరైనా వేస్తూ కనిపిస్తే మాత్రం నిరభ్యంతరంగా పలకరించండి. అసలు పేరు అడక్కుండా, ఆ సన్నగీతకు ఏ క్యాప్ (క్యాన్ మీద రంగు చిమ్మే మూతి) వాడారని అడగండి. క్యాన్లన్నీ తీసి చూపిస్తారు.

సోషల్ మీడియాలో వాళ్ల అకౌంట్లు ఫాలో అవ్వండి గానీ, తేదీల కోసం వాటిని నమ్ముకోవద్దు. ఎప్పుడో వేసింది ఇప్పుడు పెడతారు, కుదరనివి అసలు పెట్టరు. ఆ కుదరనివే మీరు గోడ దగ్గర పట్టుకోవాలి, ఎందుకంటే కొత్త అక్షరం ముందు కనబడేది వాటిలోనే.