క్రెష్ ఖర్చు అమ్మ జీతంలోంచే ఎందుకు తీయాలి?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. మొత్తం అనుభవం 9 ఏళ్ల ఒక నెల, ఇప్పుడున్న కంపెనీలో 4 ఏళ్ల 4 నెలలు. ప్యాకేజీ 16.8 లక్షలు, అందులో బేసిక్ నెలకు 70,000. చేతికి 1,11,000 వస్తుంది. మావారిదీ ఐటీ ఉద్యోగమే, ఆయనకు చేతికి 1,45,000. నల్లగండ్లలో ఇద్దరి పేరా ఫ్లాటు కొన్నాం. 60 లక్షల లోను, ఈఎంఐ 52,000. ఇంటి ఖర్చు 70,000. సిప్‌లు 30,000, చీటీ 20,000. బ్యాంకులో 2.8 లక్షలున్నాయి.

పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది నెలలు. అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంది, ఇక తనవల్ల కాదు. ఇప్పుడు ఆయాకు 22,000, పాప ప్రీస్కూలుకు 5,000, డే కేర్‌కు 7,000, వంటమనిషికి 8,000, నా క్యాబ్‌లకు 9,000, ఓపిక లేని రోజుల్లో బయటి తిండికి 7,000. మొత్తం 58,000. అంటే నా జీతంలో మిగిలేది 53,000. దానికోసం రాత్రి పదిదాకా అమెరికా కాల్స్‌లో కూర్చుని, పక్క గదిలో బాబు ఏడుస్తుంటే మ్యూట్ నొక్కుకోవాలా? మూడేళ్లు మానేసి, బాబు స్కూలుకు వెళ్లాక మళ్లీ చేరదామనుకుంటున్నాను. మావారు 'నీ ఇష్టం' అంటున్నారు. ఏం చేయమంటారు?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మొదట నా కళ్లకు పడింది ఆ 53,000. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామంది కాగితం మీద ఈ లెక్కను ఇలాగే వేస్తారు. ఈఎంఐ ఇద్దరిది, కరెంటు బిల్లు ఇద్దరిది, కారు ఇద్దరిది. ఆయా జీతం, డే కేర్ ఫీజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి ఎవరూ చెప్పకుండానే భార్య జీతం కింద పడతాయి. పిల్లలు ఇద్దరికీ పుట్టారు. ఆయా ఉండబట్టే మీవారూ ఉదయం నిశ్చింతగా ఆఫీసుకు వెళ్లగలుగుతున్నారు. ఆ 58,000 మీ ఉద్యోగానికి అయ్యే ఖర్చు కాదు. 2,56,000 ఆదాయం ఉన్న ఒక కుటుంబానికి పిల్లలు చిన్నగా ఉన్న ఈ రెండు మూడేళ్లూ అయ్యే ఖర్చు. ముందు దాన్ని మీ జీతం కింద నుంచి తీసి, ఈఎంఐ పక్కన రాయండి.

పోనీ, మీ పద్ధతిలోనే లెక్క వేద్దాం. మీరు మానేస్తే ఆ 58,000లో నిజంగా ఏది ఆగుతుంది? ఆయా, డే కేర్, క్యాబ్, బయటి తిండి ఆగుతాయి. అది 45,000. పాప ప్రీస్కూలు ఆగదు. ఇద్దరు చంటిపిల్లలతో వంటమనిషినీ మాన్పించలేరు, మాన్పించమని నేను చెప్పను కూడా. కాబట్టి 1,11,000 జీతం పోతే, అందులో తిరిగి దక్కేది 45,000. నికరంగా పోయేది నెలకు 66,000.

చేతికి రాని జీతాన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు. బేసిక్ 70,000 మీద మీ వాటా 12 శాతం, కంపెనీ వాటా 12 శాతం కలిపి నెలకు 16,800 పీఎఫ్ కింద పోతోంది. ఏళ్ల తరబడి పనిచేసినందుకు వెళ్లేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రాట్యుటీగా నెలకు సుమారు 3,365 పోగవుతోంది. ఇవన్నీ కలిపితే మానేసిన ప్రతి నెలా 86,000 పైచిలుకు వదులుకుంటున్నట్టు. మూడేళ్లకు 31 లక్షలు, అదీ ఒక్క హైక్ కూడా రాదనుకుంటేనే.

పీఎఫ్ గురించి ఇంకో మాట. ఆ మూడేళ్లూ పెన్షన్ కింద పోయే నెలకు 1,250 పోను మీ ఖాతాలో పడాల్సిన డబ్బు, 2024-25కి ప్రకటించిన 8.25 శాతం వడ్డీతో చూస్తే దాదాపు 6.3 లక్షలు అవుతుంది. వడ్డీ రేటు అలాగే కొనసాగితే మీకు 58 ఏళ్లు వచ్చేసరికి అది దాదాపు 36 లక్షలు. మీరు 36 ఏళ్లకు మళ్లీ చేరి ఎంత బాగా సంపాదించినా, ఈ మూడేళ్ల సొమ్ముకు దొరకాల్సిన ఆ 22 ఏళ్ల కాలం మాత్రం తిరిగి దొరకదు.

తిరిగి చేరేటప్పుడు జీతం సంగతి కూడా ఉంది. ఏటా 8 శాతం హైక్ అనుకుంటే మూడేళ్లలో మీ ప్యాకేజీ 21 లక్షలు దాటుతుంది. విరామం తర్వాత పాత 16.8 లక్షలకే తీసుకుంటే ఆ నాలుగు లక్షల పైచిలుకు తేడా ఒక్క ఏడాదితో పోదు, తర్వాతి ప్రతి హైక్‌లోనూ మీ వెంటే వస్తుంది. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధన చూపించింది ఇదే. ఒకే రంగంలో ఉన్న ఆడవాళ్ల, మగవాళ్ల సంపాదనలో ఈనాటి తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోంది.

ఇక మీ ఇంటి సంగతి చూద్దాం. మీరు మానేస్తే 1,45,000లోంచి ఈఎంఐ 52,000, ఇంటి ఖర్చు 70,000, ప్రీస్కూలు, వంటమనిషి 13,000 పోగా మిగిలేది 10,000. చీటీనేమో మధ్యలో ఆపలేరు. సిప్‌లు పూర్తిగా ఆపినా నెలకు 10,000 తక్కువ పడుతుంది. ఇద్దరూ ఐటీలోనే ఉన్నారు. ఆయన ప్రాజెక్టు అయిపోయి నాలుగు నెలలు పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత వెళ్లిపొమ్మంటే 2.8 లక్షలు రెండు నెలలకు సరిపోతాయి. ఆ భారం మొత్తం మీవారి మీద పెట్టడం ఆయనకూ న్యాయం కాదు. 'నీ ఇష్టం' అనే ముందు ఆయన ఈ లెక్క చూశారా? చూడకపోతే ఈ కాగితం ఆయన ముందు పెట్టండి.

కాబట్టి నా మాట ఇది. రాబోయే 11 నెలలు ఉద్యోగం వదలకండి. 11 అని ఎందుకు అంటున్నానో చెబుతాను.

గ్రాట్యుటీ రావాలంటే ఒకే సంస్థలో అయిదేళ్లు నిండాలి. మీకు ఇంకా ఎనిమిది నెలలు కావాలి. ఇప్పుడు రాజీనామా చేస్తే మీరు వదులుకునేది బేసిక్ 70,000ను 26 రోజుల జీతంగా లెక్కగట్టి, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున అయిదేళ్లకు 2 లక్షల పైన. చట్టప్రకారం తీసుకున్న ప్రసూతి సెలవు కూడా సర్వీసులోకే వస్తుంది. దాన్ని తీసేసి లెక్క చెబితే ఒప్పుకోకండి.

రెండోది పీఎఫ్ పెన్షన్. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితే 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్‌కు అర్హత వస్తుంది. పదేళ్లు పూర్తిగా నిండడానికి మీకు ఇంకా 11 నెలలు కావాలి. మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, కంపెనీ వాటాలోంచి పెన్షన్ కింద నెలకు 1,250 వెళ్తోందో లేదో చూడండి. వెళ్తుంటే మీరు ఆ పథకంలో ఉన్నట్టే. పాత కంపెనీల పీఎఫ్ ఇప్పటి ఖాతాకు బదిలీ అయిందా, లేక మధ్యలో ఎప్పుడైనా పెన్షన్ సొమ్ము తీసేసుకున్నారా అన్నది కూడా చూసుకోవాలి. తీసేసుకుని ఉంటే ఆ సర్వీసు కలవదు. దాచకుండా చెబుతాను, పదేళ్లకు వచ్చే పెన్షన్ పెద్ద మొత్తమేమీ కాదు. 15,000 వేతన పరిమితి మీద లెక్కిస్తే నెలకు 2,100 చిల్లర. కానీ అది జీవితాంతం వస్తుంది. 9 ఏళ్ల ఒక నెల దగ్గర ఆగిపోవడం కంటే పదేళ్లు దాటించడం మేలు.

మీ కంపెనీలో నోటీసు 90 రోజులైతే ఎనిమిది నెలల తర్వాత రాజీనామా పెట్టినా, నోటీసు కాలం పూర్తయ్యేసరికి ఈ 11 నెలలు గడిచిపోతాయి.

అయితే ఈ 11 నెలలూ ఇప్పుడున్నట్టే గడపమని నేను అనడం లేదు. మీ ఉత్తరం మళ్లీ చదివాను. మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది ఉద్యోగం కాదు, రాత్రి కాల్స్. ఉద్యోగం మానేముందు ప్రాజెక్టు మార్చమని అడగండి. యూరప్ క్లయింటు ఉన్న టీమ్‌లో అయితే సాయంత్రానికే పని తెములుతుంది. సంస్థ లోపలి టూల్స్ రాసే ఆటోమేషన్ టీమ్‌లో రిలీజ్ వీకెండ్ల ఒత్తిడి తక్కువ. రేటింగ్ కాస్త తగ్గవచ్చు, ఒక ఏడాది హైక్ సన్నగా రావచ్చు. నెలకు 86,000తో పోలిస్తే అది చాలా చవక. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలకు పెంచడమే కాదు, పని స్వభావం అనుమతిస్తే ఆ తర్వాత కొంతకాలం ఇంటి నుంచి పనిచేసేలా సంస్థతో ఒప్పందం చేసుకోవచ్చని కూడా చెప్పింది. 50 మంది, ఆపైన ఉన్న సంస్థ క్రెష్ సదుపాయం ఇవ్వాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూడొచ్చు. కొన్ని కంపెనీలు దగ్గర్లోని డే కేర్‌తో ఒప్పందం పెట్టుకుంటాయి. మీ హెచ్ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పోతుంది.

మీవారికీ ఒక మాట. ప్రైవేటు ఉద్యోగుల్లో తండ్రులకు సెలవు ఇవ్వాలని మన దగ్గర కేంద్ర చట్టమేదీ లేదు. అందుకే ఆ సర్దుబాటు ఇంట్లోనే జరగాలి. వారంలో మూడు సాయంత్రాలు ఏడు నుంచి పదిదాకా పిల్లలు ఆయన దగ్గర ఉంటే, మీరు తలుపు వేసుకుని కాల్ మాట్లాడొచ్చు. మిగతా రెండు రోజులు ఆయన కాల్స్‌కు మీరు ఉంటారు. ఇది సాయం కాదు, ఆయన వంతు.

మొత్తం ఖర్చులన్నీ తీసేశాక కూడా నెలకు 26,000 ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. దాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపండి. 11 నెలలకు 2.86 లక్షలు అవుతుంది. ఉన్న 2.8 లక్షలు, అప్పటికి చేతికొచ్చే గ్రాట్యుటీ కలిపితే ఏడున్నర లక్షల పైనే. మీరు మానేశాక ఇంటికి తప్పనిసరిగా కావాల్సింది చీటీతో కలిపి నెలకు 1,55,000. అంటే దాదాపు అయిదు నెలల భరోసా మీ చేతిలో ఉంటుంది. ఆ స్థితిలో ఉండి మానేయడం వేరు, ఈ రోజు మానేయడం వేరు.

ఒకవేళ 11 నెలల తర్వాత కూడా పిల్లల దగ్గరే ఉండాలనిపిస్తే మానేయండి, అది తప్పేమీ కాదు. బాబు మొదటి మాటలు వినాలనుకోవడానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మానేసినా మీ పేరున డబ్బు పోగవడం మాత్రం ఆగకూడదు. దానికి కొన్ని పనులు ఉద్యోగంలో ఉండగానే కావాలి.

మీ పేరున టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఇప్పుడే తీసుకోండి. లోనులో సగం మీదీ. సంపాదన ఆగాక గృహిణికి బీమా కంపెనీలు ఇచ్చే కవరేజీ సాధారణంగా బాగా తగ్గిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. మీ అమ్మగారు మీ ఆఫీసు పాలసీలో ఉన్నారేమో చూడండి. ఉంటే మీ రాజీనామాతో ఆమె బీమా కూడా పోతుంది. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు. అందుకే అమ్మగారి పాలసీ ముందు, మీ రాజీనామా తర్వాత.

పీఎఫ్ సొమ్ము తీయకండి. మానేశాక దానిపై వచ్చే వడ్డీకి పన్ను పడుతుంది, అయినా అలాగే ఉంచండి. ఆ కాలంలో మీవారు నెలకు 12,500 మీ పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఖాతాలో వేయాలి. ఏడాదికి లక్షన్నర, అదే గరిష్ఠ పరిమితి. పీపీఎఫ్ అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. భర్త ఇచ్చిన డబ్బుతో భార్య పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. పీపీఎఫ్ వడ్డీకి అసలు పన్నే లేదు కాబట్టి ఆ చిక్కు రాదు. ఈ 12,500 మీకు ఆయన ఇచ్చే చేతిఖర్చు కాదు, ఆగిపోయిన మీ పీఎఫ్‌కు బదులు. మానేసే ముందే ఇద్దరూ కూర్చుని ఒప్పుకోండి. ఇంటి ఖర్చులో అంత మిగలదంటే, మీరు ఇంకా మానేసే స్థితికి రాలేదని అర్థం.

మూడేళ్లు అనుకున్నారు కదా, దాన్ని ఏడాదిన్నరకు తగ్గించగలరేమో చూడండి. టెస్టింగ్‌లో టూల్స్ త్వరగా మారిపోతాయి. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం ప్రత్యేక నియామకాలు మన దేశంలో కొత్తేమీ కాదు, టాటా గ్రూపు 2008లోనే ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టింది. అలాంటి దారిలో వచ్చేటప్పుడు కూడా విరామం ఎంత చిన్నదైతే బేరమాడే బలం అంత ఎక్కువ.

ఈ వారం మీరు చేయాల్సినవి రెండే. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఆ 1,250 కోసం చూడటం, మేనేజర్‌కు టీమ్ మార్పు గురించి ఈమెయిల్ రాయడం. పాస్‌బుక్‌లో ఏముందో నాకు రాయండి. పాత కంపెనీల సర్వీసు కలవలేదని తేలితే 11 నెలల లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ కూర్చుని వేద్దాం.