రెండో భాగంలో కొత్త నవ్వులుంటాయా?

ప్రశ్న: అన్నా, కామెడీ సినిమాకి సీక్వెల్ అంటే చాలు, పాత జోకుల్నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు. ట్రైలర్ చూడంగానే మా ఫ్రెండ్స్ ‘ఏందిరా, మళ్ళీ అదేనా’ అంటారు, మొదటి రోజు టికెట్లు బుక్ చేసేదీ వాళ్ళే. అసలు రిపీట్ కాకుండా తీయడం కుదురుతుందా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: కుదురుతుంది తమ్ముడూ, కానీ అస్సలు రిపీట్ లేకుండా తీశారనుకో, ‘పేరుకే రెండో భాగం, మనకి నచ్చిందేదీ ఇందులో లేదు’ అని తిట్టేది కూడా నీ ఫ్రెండ్సే. ఫైటు రెండోసారి చూసినా ఊపొస్తుంది, జోకు అలా కాదు, అది పేలేదాకా మనకి తెలియకూడదు. చేపల పులుసైతే మర్నాటికి ఇంకా రుచెక్కుతుంది గానీ జోకుకి ఆ యోగం లేదు. అందుకే నేను చూసేది ఒకటే, మళ్ళీ తెచ్చింది పాత జోకునా, ఆ మనిషి బుద్ధినా అని.

‘మత్తు వదలరా’ (2019) తీసుకో. బాబు, యేసు అని ఇద్దరు ఫ్రెండ్స్, డెలివరీ బాయ్ ఉద్యోగం, చాలీచాలని జీతం, కస్టమర్ ఇచ్చిన డబ్బుల్లో ఒక నోటు నొక్కేసే చిల్లర ట్రిక్కు, దాంతోనే కథంతా మెడకి చుట్టుకుంటుంది. 2024లో వచ్చిన రెండో భాగంలో అదే బాబు, అదే యేసు నేరస్థుల్ని పట్టుకునే టీంలో చేరతారు, చేరి ఏం చేస్తారు? కిడ్నాప్ కేసుల డబ్బులోంచి కొంత పక్కకి లాగుతారు. ఉద్యోగం మారింది, చేతివాటం మారలేదు! యేసుగా చేసిన సత్య మొహం చూస్తేనే ‘వీడు మళ్ళీ మొదలెట్టాడ్రా’ అనిపిస్తుంది, ఎట్లా ఇరుక్కుంటాడో మాత్రం ముందే చెప్పలేం.

‘డీజే టిల్లు’కి రెండో భాగం ‘టిల్లు స్క్వేర్’ (2024) ఇంకో దారి. నిజం చెప్పాలంటే కథ దాదాపు పాతదే, అమ్మాయి వస్తుంది, వెనకాల ఇంకేదో ఉంటుంది, టిల్లు ఇరుక్కుంటాడు. అయితే ఆ సంగతి మనకంటే ముందు టిల్లుకే తెలుసు, మొదటి భాగంలో తనని ఇరికించిన రాధిక పేరెత్తి వాడే వాపోతుంటే ఇంక మనం కంప్లైంట్ చేసేదేముంది? ఈ తెలివి ప్రతిసారీ పారదు, మూడోసారి కూడా అదే చేస్తే నేనైతే లేచి వచ్చేస్తా.

‘ఎఫ్3’ (2022)లో భార్యల గొడవ తగ్గించి డబ్బు పిచ్చి పెట్టారు, బాగానే ఉంది, కానీ వెంకటేశ్‌కి రేచీకటి, వరుణ్ తేజ్‌కి నత్తి తగిలించారు. చీకటి పడితే కనపడని వెంకటేశ్ అవస్థకి నేనూ నవ్వాను, నత్తి దగ్గర మాత్రం విసుగొచ్చింది. ‘మ్యాడ్ స్క్వేర్’ (2025) వాళ్ళు కాలేజీ హాస్టల్ వదిలి పెళ్ళికీ గోవాకీ పోయారు, నాకు ఆ హాస్టలే కావాలనిపించింది. చూశావా, నేనూ నీ ఫ్రెండ్స్ బ్యాచే.

ప్రశ్న: మా పిల్లలు చూసిన కామెడీనే టీవీలో పదిసార్లు చూసి పడీపడీ నవ్వుతారు. అదే సీక్వెల్లో పాత జోకొస్తే పెదవి విరుస్తారు. ఇదేం న్యాయమండీ?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఇంట్లో చూసేటప్పుడు ఆ డైలాగ్ కోసమే కాచుకుని కూర్చుంటారమ్మా, నటుడికంటే ముందే వీళ్ళు అనేస్తారు. ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాగా బ్రహ్మానందం హీరో అయిపోదామని పడే యాతన ఎన్నిసార్లు వచ్చినా నేను ఛానెల్ మార్చను. సీక్వెల్‌కి మళ్ళీ టికెట్ కొనాలి, పార్కింగ్, పాప్‌కార్న్ ఖర్చు వేరే. అంత పెట్టి పోయాక పాత జోకు చూపిస్తే పిల్లలు ఊరుకుంటారా?